ర్యాంకు వెనుక లెక్క

ఉద్యోగాల కోసం ఈ నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాల ముందు ఒక చిన్న విషయం మనవి చేస్తాను.

రెండేళ్ల క్రితం మా పిన్ని కుమారునికి ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం దొరికింది. అతివేగంగా ఎదుగుతున్న సంస్థల జాబితాలో తమ పేరున్నదని వారు ఒక ఫలకం చూపించారు. ఆ ఆంగ్ల ఫలకాన్ని చదివి, "అభివృద్ధిలో ముందున్న సంస్థ" అని అనువదించి చెప్పినవాడిని నేనే. అతడు చేతిలోని ఉద్యోగం మానుకొని అందులో చేరాడు. ఐదో నెలకు జీతాలు ఆగిపోయాయి. ఫలకం అబద్ధం కాదు. నా అనువాదమే తప్పు. అక్కడ ఉన్నది అభివృద్ధి కాదు, ఆదాయపు పెరుగుదల.

ఇటువంటి జాబితాలలో పేరుపొందినది అమెరికాలోని 'ఇంక్' పత్రికది. 1982లో 500 సంస్థలతో మొదలై, 2007 నుంచి 5000 సంస్థలకు విస్తరించింది. మూడేళ్లలో ఆదాయం ఎంత శాతం పెరిగిందన్నదే దాని కొలమానం. మన దేశంలో డెలాయిట్ వారి 'టెక్నాలజీ ఫాస్ట్ 50' కూడా ఆదాయ వృద్ధి శాతాన్నే చూస్తుంది.

శాతం లెక్కలో ఒక మెలిక ఉంది. 20 లక్షల ఆదాయం 2 కోట్లయితే పెరుగుదల 900 శాతం. 200 కోట్లు 300 కోట్లయితే 50 శాతమే. మొదటి సంస్థకే పై ర్యాంకు. లాభనష్టాలు, అప్పులు, జీతాల బకాయిలు ఆ ర్యాంకులో కనిపించవు. పైగా సంస్థలు తామే దరఖాస్తు చేసుకుంటాయి కనుక, జాబితాలో లేకపోవడం లోపమూ కాదు. సంవత్సరాన్ని కూడా గమనించాలి. 'ఇంక్' 2024 జాబితా 2020 నుంచి 2023 వరకు జరిగిన పెరుగుదలను కొలిచింది. 2020 కరోనా ఏడాది. ఆదాయం పడిపోయిన చోట నుంచి కొలిస్తే కోలుకోవడం కూడా ఎదుగుదలగానే కనిపిస్తుంది.

అయినా జాబితా పనికిరానిది కాదు. షేరు మార్కెట్టులో లేని సంస్థల గురించి పత్రికలలో వచ్చేది తక్కువ. వాటి పేరు, ఊరు, వ్యాపారం మనకు తెలిపే తలుపు అది. వరుసగా కొన్నేళ్లు కనిపించే పేరుకు మరికొంత విలువ ఇవ్వవచ్చు. తలుపు దాటిన తరువాత చూడవలసినవి రెండు.

మొదటిది, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటు. ప్రతి కంపెనీకి 21 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది; లెటర్‌హెడ్‌పై దానిని ముద్రించడం తప్పనిసరి. నమోదైన సంవత్సరం ఆ సంఖ్యలోనే కనిపిస్తుంది. రుసుము చెల్లించి, కంపెనీ ఏటా దాఖలు చేసిన ఆస్తి అప్పుల పట్టికను, ఆడిటరు నివేదికను చూడవచ్చు.

రెండవది, భవిష్య నిధి సంస్థ వెబ్‌సైటు. యజమాని ఏ నెలకు ఎంతమంది ఉద్యోగుల పేరిట పీఎఫ్ చెల్లించాడో అక్కడ తెలుస్తుంది.

మా తమ్ముడి సంస్థ వివరాలు తరువాత చూశాం. అతడు చేరడానికి రెండు నెలల ముందే పీఎఫ్ చెల్లింపు ఆగిపోయి ఉంది. అది పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మేము ఫలకాన్ని మెచ్చుకోవడంలో గడిపాం. మీరు చేతిలోని ఉద్యోగం వదిలే ముందు ఆ పది నిమిషాలు వెచ్చించండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.