తొండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

1986 పదో తరగతి బ్యాచ్ వాళ్ళకు ఒకటే మాట. ఒరేయ్, వెనక వరసలో కబుర్లు ఆపండి.

"పది నిమిషాలు ఏదైనా మాట్లాడు, కరెంటు గురించి మాత్రం వద్దు" అన్నారు కార్యదర్శి గారు. ముప్ఫై ఏళ్ళు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాడికి అది శిక్షే. సరే, ఆటల గురించి మాట్లాడతాను.

ఈ గ్రౌండులో మనం ఆడనిదేముంది? గోళీలు, బిళ్ళంగోడు, ఏడుపెంకులాట, చెడుగుడు. అంపైరు లేడు, రూల్సు పుస్తకం లేదు. రెండు మాటలతో నడిచిపోయేది. ఒకటి "తొండి", రెండోది "తూచ్". తొండి చేశాడని పేరు పడితే మర్నాడు వాణ్ణి ఏ జట్టులోకీ పిలిచేవాళ్ళు కాదు. తూచ్ అంటే జరిగింది లెక్కలోకి రాదు, మళ్ళీ మొదలెడదాం అని. తగువులన్నీ ఆ రెండక్షరాలతో తీరిపోయేవి.

మేం తొమ్మిదిలో ఉండగా పక్క ఊరి స్కూలుతో చెడుగుడు పోటీ జరిగింది. ఆఖరి నిమిషం, పాయింట్లు సమానం. అవతలివాడు కూతకొచ్చాడు. మా బ్యాచ్‌లో అందరికంటే చురుకైనవాడు ఒకడుండేవాడు. కూతకొచ్చినవాడి వేలు వాడి మడమకి ఇలా రాసుకుని పోయింది. రిఫరీ చూడలేదు. తాకినవాడికే తెలియలేదు. మనవాడు చెయ్యెత్తి, "తగిలింది సార్" అని గీత దాటి బయటికెళ్ళిపోయాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడితో ఎవరూ మాట్లాడలేదు. నేనైతే "హరిశ్చంద్రుడు బయల్దేరాడండీ" అని ఎగతాళి కూడా చేశాను.

మర్నాడు డ్రిల్లు మాస్టారు మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి ఒక కథ చెప్పారు. కథ కాదు, జరిగిందే. 1980 ఫిబ్రవరిలో మన క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవం సందర్భంగా బొంబాయిలో ఇంగ్లండుతో టెస్టు ఆడారు. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండు 5 వికెట్లు పోయి కష్టాల్లో ఉండగా బాబ్ టేలర్‌ని అంపైరు ఔటిచ్చేశాడు. బంతి బ్యాటుకి తగల్లేదని విశ్వనాథ్‌కి అనిపించింది. అంపైరుతో చెప్పి టేలర్‌ని వెనక్కి పిలిచాడు. ఆ టేలర్ బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు. మనం 10 వికెట్ల తేడాతో ఓడిపోయాం. "ఆ టెస్టు ఓడినందుకు విశ్వనాథ్‌ని ఎవరైనా తిడతార్రా?" అని అడిగారు మాస్టారు. ఎవరం నోరెత్తలేదు. ఇవాళ మన స్వర్ణోత్సవంలో ఆ స్వర్ణోత్సవం టెస్టే గుర్తుకొస్తోంది.

ఇప్పటి ఆటలకొద్దాం. మా అబ్బాయి ఫోన్లో తుపాకులాట ఆడుతుంటే ఇదేం ఆటరా, ఒకణ్ణొకడు కాల్చుకోవడం అని విసుక్కునేవాణ్ణి. 2020లో పబ్జీని నిషేధించినప్పుడు ఇంట్లో అందరికంటే సంతోషించినవాణ్ణి నేనే. వారం తిరక్కుండా వాడు ఇంకో ఆట వెతుక్కున్నాడు, అది వేరే సంగతి. ఆట అయిపోగానే ప్రతిసారీ "జీజీ" అని కొట్టేవాడు. ఏమిట్రా అదంటే, "గుడ్ గేమ్ నాన్నా. ఓడినా సరే, అలా చెప్పాలి" అన్నాడు.

నేను రాత్రిళ్ళు ఫోన్లో చదరంగం ఆడతాను. ఎవడో ఊరూ పేరూ తెలియనివాడితో పది నిమిషాల ఆట. ఒకరోజు మంత్రి పోయింది. ఓటమి ఒప్పుకునే బటన్ నొక్కడానికి మనసొప్పక, అవతలివాడు విసుగెత్తి వెళ్ళిపోతాడేమోనని ఫోన్ పక్కన పడేసి మంచినీళ్ళకెళ్ళాను. మావాడు చూసి, "నాన్నా, ఇది తొండి" అన్నాడు. ఆ మాట వాడికి వాళ్ళ నానమ్మ నేర్పింది. యాభై ఏళ్ళు దాటాక ఆ పేరు పడింది నాకు.

అసలు తొండి అది కాదు. అది చెప్పడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను.

మా బ్యాచ్‌కి ఒక వాట్సాప్ గ్రూపుంది. ఇందాక చెప్పిన చెడుగుడు మిత్రుడు అందులో రోజూ పొద్దున్నే ఐదున్నరకి గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టేవాడు. పువ్వులు, ఉదయించే సూర్యుడు, ఏదో సూక్తి. ఒకరోజు ఆఫీసు చిరాకులో ఉండి గ్రూపులో రాశాను. "తెల్లారిందని మాకూ తెలుస్తుందిరా. ఎవరో చేసిన బొమ్మలు పంపడమేనా, సొంతంగా నాలుగు ముక్కలు రాయడం రాదా?" అని. గ్రూపంతా నవ్వుల బొమ్మలు. నేనూ మురిసిపోయాను. మర్నాడు ఐదున్నరకి ఏ బొమ్మా రాలేదు. వారానికి వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు తెలిసింది. వాడికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందట. ఎవరికీ చెప్పనివ్వలేదు. ఎడమచేతి బొటనవేలితో టైపు చెయ్యలేక, "నేనున్నానర్రా" అని చెప్పడానికి రోజుకో బొమ్మ పంపేవాడు. అలాంటివాణ్ణి నాలుగు ముక్కలు రాయడం రాదా అన్నాను.

ఈ ఒక్కచోట కరెంటు మాట వాడుకోనివ్వండి. లైన్లో ఏదైనా తేడా వస్తే రిలే పసిగట్టి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం అలాంటి రిలే. ముఖం మాడగానే మన నోరు ఆగిపోతుంది. ఫోన్లో ఆ ముఖం లేదు. 2017లో వాట్సాప్ వాళ్ళు పంపిన మాటని అందరి దగ్గరా చెరిపేసే సదుపాయం ఇచ్చారు. అప్పట్లో ఏడు నిమిషాలే గడువు. ఇప్పుడు రెండు రోజులు దాటినా చెరపొచ్చు. అది కూడా ఒక రకం తూచే. కానీ చదివినవాడి మనసులోంచి చెరిపే బటన్ లేదు.

వాడింటికెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక చెయ్యెత్తి, "నాదే తప్పురా, నేను ఔట్" అన్నాను. వాడు ఎడమచేత్తో నా చెయ్యి కిందికి లాగి, "తూచ్ లేరా, కాఫీ తాగు" అన్నాడు. వాడు తూచ్ అన్నాడు గానీ నాకు ఆట సగమే అయినట్టనిపించింది. అన్నది పదిమందిలో, ఒప్పుకున్నది వాళ్ళ వరండాలో. అందుకే ఇక్కడ, మనం ఆడిన గ్రౌండులో, మీ అందరి ముందూ చెబుతున్నాను. తగిలింది సార్. నేను ఔట్.

పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఈ సభలోనే ఉన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ గ్రూపులున్నాయి. ఒక్కటి పాటించండి. మెచ్చుకునేది గ్రూపులో, మందలించేది ఫోన్ చేసి. రోజూ కనిపించేవాడు నాలుగు రోజులు కనబడకపోతే, అప్పుడు కూడా ఫోన్ చెయ్యండి. నేను చెయ్యలేదు.

మా గ్రూపులో మళ్ళీ ఐదున్నరకి బొమ్మ వస్తోంది. ఇవాళ పొద్దున ఉమ్మెత్తపువ్వంత గులాబీ వచ్చింది. మొదట జవాబిచ్చింది నేనే.

డ్రిల్లు మాస్టారూ, ఆ రోజు మీరడిగినదానికి నలభై ఏళ్ళు ఆలస్యంగా జవాబు చెబుతున్నాను. ఎవరూ తిట్టరండి.