ఆ తర్వాత ఏమైంది, డాక్టరు గారూ?

ఆన్‌లైన్‌లో కలిసి నేర్చుకోవడానికి మనలాంటి డాక్టర్లకు ఏమేం చేతనై ఉండాలో మాట్లాడమన్నారు. యాప్‌లు, బటన్ల సంగతి నాకంటే మా హౌస్‌సర్జన్లకు బాగా తెలుసు. నేను ఒక కేసు చెబుతాను.

కొన్నేళ్ళ కిందటి మాట. వానాకాలం, రాత్రి రెండున్నర. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. బీపీ బాగుంది, పల్స్ బాగుంది, పొట్ట మెత్తగానే ఉంది. ఏదో పడనిది తిన్నాడనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టాం. నాలుగింటికి సిస్టరమ్మ వచ్చి, "సార్, ఆ అబ్బాయి పిలిస్తే పలుకుతున్నాడు గానీ కళ్ళు తెరవట్లేదు" అంది. వెళ్ళి చూస్తే రెప్పలు రెండూ సగానికి వాలి ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది. నాకేమీ తోచలేదు. ఫోను తీసి మా డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో రాశాను: "20 మేల్, కడుపునొప్పి, ఒపీనియన్ ప్లీజ్."

పాతికేళ్ళు ప్రాక్టీసు చేసినవాడు రాసిన మెసేజి అది. అందులో రెప్పల సంగతి లేదు. తొందరలో రాయలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజం వేరు. రెప్పలు వాలాయని రాసి, అదేమిటో తెలియదంటే గ్రూపులో నా చేతి కింద చదువుకున్న పిల్లలు ఏమనుకుంటారోనని బెరుకు. అందుకే నాకు తెలియని ముక్క దాచిపెట్టి, తెలిసిన ముక్క మీద సలహా అడిగాను.

జవాబులు అడిగినదానికి తగ్గట్టే వచ్చాయి. ఒకరు అమైలేజ్ పంపమన్నారు, ఒకరు స్కానింగ్ అన్నారు, ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆయన దేనికైనా అదే పెడతారు. అప్పుడు ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్న అమ్మాయి, సర్వీసులో చేరి ఇంకా ఏడాది కాలేదు, ఒక్క ప్రశ్న అడిగింది: "సార్, పేషెంటు నేల మీద పడుకున్నాడా? రెప్పలు చూశారా?"

వాళ్ళమ్మని అడిగాను. "నేల మీదే బాబూ, చాపేసుకుని" అంది. కట్లపాము. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. కరిచిన చోట నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు కాటు కూడా కనపడదు. కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలతాయి, తర్వాత ఊపిరి మీదికొస్తుంది. మనందరం ఎంబీబీఎస్‌లో చదివి పాసైన పాఠమే. పొడి గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టాం. వంచితే గడ్డ కట్టే ఉంది, అంటే రక్తపింజర కాదు. పది వయల్స్ యాంటీవెనం ఎక్కించాం, తెల్లారకముందే వెంటిలేటర్ మీద పెట్టాం.

తెలియనిది ఎక్కడుందో అక్కడే వేలు పెట్టి చూపించడం కంటే ముందు నేర్చుకోవాల్సింది ఏదీ నాకు కనపడదు. అది గ్రూపులో చేయడం మరీ కష్టం. వార్డులో ప్రొఫెసర్ గారి దగ్గర తల గోక్కుంటే ఆయనొక్కరే చూస్తారు. గ్రూపులో రెండొందల మంది చూస్తారు, పైగా అది అక్కడే ఉండిపోతుంది.

ఈ బెరుకును ఒక పద్ధతి పెట్టి తగ్గించినవాళ్ళు ఉన్నారు. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో డాక్టర్ సంజీవ్ అరోరా అనే లివర్ స్పెషలిస్టు ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. ఆయన మన దేశంలో పుట్టినవారే. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే దాదాపు 2,75,000 చదరపు కిలోమీటర్లు. న్యూ మెక్సికో ఒక్కటే 3,15,000 దాకా ఉంటుంది, జనం మాత్రం అప్పట్లో 20 లక్షలు కూడా లేరు. హెపటైటిస్ సి రోగికి ఆల్బుకర్కీలోని ఆయన క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలంటే ఎనిమిది నెలలు. అప్పటి మందులు ఇంటర్‌ఫెరాన్, రైబవిరిన్. రక్తం పడిపోతుంది, మనిషి డిప్రెషన్‌లోకి వెళ్తాడు, ఊళ్ళో ఉన్న డాక్టరు ముట్టుకోవడానికే భయపడేవాడు.

అరోరా గారు రోగుల్ని రప్పించే ప్రయత్నం మానేసి, ఊళ్ళలోని డాక్టర్లను వారానికోసారి వీడియోలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ తన కేసు చెప్పాలి. అందరికీ ఒకటే పద్ధతి: వయసు, పరీక్షలు, ఇప్పటిదాకా ఇచ్చిన మందులు, తనకు ఎక్కడ ఆగిపోయింది. రోగి పేరు చెప్పకూడదు. అదే కేసు కొన్ని వారాల తర్వాత మళ్ళీ వస్తుంది, కొత్త రిపోర్టులతో. ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. మొత్తం 407 మంది రోగులు. యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం మందికి వైరస్ పోయింది. పల్లెల్లో, జైళ్ళలో మామూలు డాక్టర్ల చేతిలో 58.2 శాతం మందికి పోయింది. స్పెషలిస్టులకు ఇది కాస్త చేదు మాత్రే, నాతో సహా.

అరోరా గారి దగ్గర అప్పుడున్న సాంకేతికత ఇవాళ మన జేబుల్లో ఉన్నదానికంటే నాసిరకం. ఆ డాక్టర్లు మనకంటే తెలివైనవాళ్ళేమీ కాదు. అందరూ ఒకే పద్ధతిలో కేసు చెప్పాల్సి వచ్చినప్పుడు "నాకు ఇక్కడ తెలియలేదు" అనేది ఫారంలో ఒక గడి అవుతుంది. గడి నింపడానికి ఎవరూ సిగ్గుపడరు.

మన గ్రూపుల్లో ఇంకో చిక్కుంది, పెద్దరికం. ప్రొఫెసర్ గారు ఒక మాటన్నాక "సార్ చెప్పారుగా" అని అందరూ ఊరుకుంటారు. ఆ రాత్రి ఆ అమ్మాయి అడగకముందే ఒక పెద్దాయన "పాంక్రియాటైటిసే" అని తేల్చేసి ఉంటే ఆమె నోరు విప్పేదా? విప్పేది కాదని ఆమే తర్వాత నాతో చెప్పింది. పెద్దలకు నా మనవి ఒకటే: చివర మాట్లాడండి. మీకు తోచింది మొదటి నిమిషంలో రాసేయకుండా, చిన్నవాళ్ళు నలుగురు రాసేదాకా ఫోను బోర్లా పెట్టండి. చిన్నవాళ్ళూ, "మీరు తప్పు సార్" అనక్కర్లేదు. ఆ అమ్మాయిలా ప్రశ్న అడగండి చాలు. పెద్దవాడికి పరువు పోదు, రోగికి ప్రాణం పోదు.

ఇక గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనం తప్పు చేశాం. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పరిశోధన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం ప్రకటించింది. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో చావులు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేని వాళ్ళకు ప్రయోజనం కనపడలేదు. మన గ్రూపుల్లో మొదటి ముక్క తిరిగింది, చివరి ముక్క దార్లో రాలిపోయింది. మరుసటి ఏడాది ఇంట్లో కూర్చున్న షుగర్ రోగులు కూడా జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ మింగడం నేను ఓపీలో చూశాను. అలాంటి రోగుల్లోనే ఎక్కువగా కనపడిన బ్లాక్ ఫంగస్‌ను 2021 మే నాటికి ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా తెలంగాణ ప్రకటించాల్సి వచ్చింది. అన్నింటికీ ఫార్వర్డే కారణం అనను. అసలు పేపరు తెరిచి ఆఖరి వాక్యం దాకా చదివి, "ఇది వీళ్ళకు మాత్రమే" అని ఒక్క ముక్క చేర్చి పంపగల డాక్టర్లు ప్రతి గ్రూపులో ఇద్దరుంటే చాలు.

రోగి గోప్యత గురించి క్లుప్తంగా. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టరు ఇంకో డాక్టరును ఆన్‌లైన్‌లో సంప్రదించడానికి ఒప్పుకున్నాయి. (ఆ పత్రం నిండా ఆర్ఎంపీ అని ఉంటుంది, కంగారు పడకండి. మన ఊళ్ళలో ఆర్ఎంపీ అంటే సైకిలు మీద సంచీతో తిరిగే ఆయన, ఆ పత్రంలో ఆర్ఎంపీ అంటే రిజిస్ట్రేషన్ ఉన్న మనమే.) ఒప్పుకున్నంత మాత్రాన రోగి మొహం పంచమని కాదు. ఎక్స్‌రే ఫోటో పెట్టేముందు పైమూల చూడండి, అక్కడ పేరుంటుంది. పేరు చెరిపి, ఊరు, వృత్తి, ప్రమాదం జరిగిన తేదీ రాసినా ఆ మండలంలో అందరికీ అతనెవరో తెలిసిపోతుంది.

ఇక నా రెండో తప్పు. ఆ కుర్రాడు నాలుగో రోజు కళ్ళు తెరిచాడు, ఆరో రోజు గొట్టం తీశాం, పదో రోజు నడిచి ఇంటికెళ్ళాడు. వాళ్ళమ్మ జామకాయలు తెచ్చిచ్చింది. నేను ఆ సంగతి గ్రూపులో రాయలేదు. కారణం ఏమీ లేదు, పని అయిపోయింది, మర్చిపోయాను. ఎనిమిది నెలల తర్వాత ఒక పెళ్ళిలో ఆ పీహెచ్‌సీ డాక్టరు కనపడి, పళ్ళెం పట్టుకునే అడిగింది: "సార్, ఆ అబ్బాయికి ఆ తర్వాత ఏమైంది?" ఆ ప్రశ్నను ఎనిమిది నెలలు ఆమె మోసింది. అమైలేజ్ అన్నవాళ్ళు, స్కానింగ్ అన్నవాళ్ళు అది కట్లపామని తెలియకుండానే ఉండిపోయారు. రేపు అలాంటి కేసే వాళ్ళ దగ్గరికొస్తే మళ్ళీ అమైలేజే పంపుతారు. వాళ్ళకు పాఠం అందకుండా చేసింది నేనే.

ఇంతకంటే చెప్పేదేమీ లేదు. భోజనాలకు లేచేముందు ఒక్క పని చేయండి. ఫోను తీసి, ఈ ఏడాది మీరు గ్రూపులో సలహా అడిగిన కేసుల్లో ఒకటి వెతకండి. దాని కిందే, ఆ తర్వాత ఏమైందో రెండు లైన్లు రాయండి. రోగి దక్కకపోయినా రాయండి. భోజనం పది నిమిషాలు ఆలస్యమైనా ఏం కాదు, వంటవాళ్ళతో నేను మాట్లాడాను.