తలుపు మూసుకోకపోతే ఎవరిని అడగాలి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

నేను చదివింది పదో తరగతి. చట్టం గురించి మాట్లాడమంటే మొదట రానన్నాను. మీ ఇంటి తలుపు సంగతి చెప్పమ్మా చాలు అన్నారు. అది అయితే నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఒప్పుకున్నాను.

పోయిన ఏడాది వేసవిలో మా ఇల్లు పూర్తయింది. బ్యాంకు లింకేజీలో నాకు వచ్చిన అప్పులో సగం పైగా గుమ్మాలకి, కిటికీలకే పెట్టాను. ద్వారబంధం ఎత్తడానికి మంచి రోజు చూశాం, పసుపు రాశాం, బొట్లు పెట్టాం, మామిడాకులు కట్టాం. అన్నీ చేశాం గానీ కొట్లో బిల్లు మాత్రం తీసుకోలేదు. అడగలేదని కాదు. "బిల్లంటే జీఎస్టీ పడుతుందమ్మా, వద్దంటే తగ్గిస్తా" అన్నాడు. తగ్గితే మంచిదే కదా అని ఊరుకున్నాను. కొట్టు పేరున్న చీటీ మీద లెక్క రాసిచ్చాడు. మూడు ఫ్లష్ డోర్లు, నాలుగు జతల టేకు కిటికీ రెక్కలు, మొత్తం 46,500 రూపాయలు. అందులో 20,000 నా ఫోన్ నుంచి పంపాను, మిగతాది చేతికిచ్చాను.

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. వెనక గుమ్మం తలుపు ఉబ్బిపోయి గడియ పడడం మానేసింది. పైపొర లేచింది. వేలు పెట్టి లాగితే అట్టలాగా ఊడి వచ్చింది. లోపల చూస్తే ఏవో చిన్న చిన్న కర్రముక్కలు, మధ్యలో ఖాళీ. కిటికీల కింద రోజూ పొద్దున్నే పిండిలాంటి పొడి రాలేది. టేకు అని ఇచ్చింది చేవ లేని తెల్లకర్ర, పైన రంగు కొట్టారు. మా ఆయన రాత్రి డ్యూటీకి వెళ్తారు. ఎదిగిన ఆడపిల్లని ఇంట్లో పెట్టుకుని ఆ తలుపుకి బియ్యం బస్తా అడ్డం పెట్టి పడుకునేదాన్ని. కిస్తీ మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నాను.

కొట్టుకి వెళ్తే వడ్రంగి తప్పన్నాడు. వడ్రంగిని అడిగితే సరుకు తప్పన్నాడు. ఆ వడ్రంగి ఎవరో కాదు, మా సంఘంలో చెల్లెలి భర్తే. కోపంలో అతన్ని నాలుగు మాటలన్నాను. ఆ వారం మీటింగులో ఆ చెల్లెలు నా పక్కన కూర్చోలేదు. తరవాత పక్క ఊరి నుంచి పెద్ద వడ్రంగిని తీసుకొచ్చి చూపించాను. ఆయన మూలమట్టం పెట్టి చూసి, బంధం సరిగానే నిలబెట్టారు, తలుపు సరిగానే బిగించారు, సరుకులోనే పస లేదు అన్నాడు. మీటింగులో అందరి ముందూ ఆ చెల్లెలికి తప్పయిందని చెప్పుకున్నాను. అందుకే అంటున్నాను, తప్పు సరుకుదా పనిదా అన్నది ముందు తేల్చుకోండి. చట్టంలో కూడా ఇవి రెండూ వేరు వేరు. ఒకటి వస్తువులో లోపం, ఇంకొకటి సేవలో లోపం. దేనికైనా ఫిర్యాదు చేయొచ్చు. కానీ మన ఊళ్ళో కూలికి వచ్చే వడ్రంగి పని తప్పితే మళ్ళీ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కమిషన్ దాకా వెళ్ళాల్సింది కర్రకి రంగు కొట్టి టేకని అమ్మినవాళ్ళ మీద.

ఇప్పుడు చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019. బిల్లు తీసుకోకపోవడం నా తప్పే అని చాలా రోజులు కుమిలిపోయాను. ఆ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అమ్మినవాడి తప్పు. అక్రమ వ్యాపార పద్ధతి అంటారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని కొట్లో బోర్డు పెడతారు చూడండి, పాడు సరుకు విషయంలో అది చెల్లదు. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులో, రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బు ఇవ్వాలి. ఆ 30 రోజులు దాటితే మనకి దారి లేదనుకోకండి. లోపం మీద ఫిర్యాదు చేయడానికి రెండేళ్ళ గడువు ఉంది. కాకపోతే ఆ రెండేళ్ళూ కొట్టువాడు రేపు, మాపు అంటూ తిప్పుతున్నా ఆగవు. మంచిమాటకి మెత్తబడి కాలం పోగొట్టుకునేది మనమే.

నాకు బిల్లు లేదు. చీటీ ఉంది, ఫోన్‌లో డబ్బు పంపిన లెక్క ఉంది. అవే నన్ను కాపాడాయి. మొత్తం చేతికే ఇచ్చి ఉంటే ఏం చూపించేదాన్ని? ఇంకో సంగతి. ఊడిన తలుపుని మా ఆయన కొట్టి పొయ్యిలో పెట్టేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అదే కదా సాక్ష్యం. పాడైనదాన్ని పారేయకండి. తేదీ తెలిసేలా ఫోటోలు తీయండి. అవసరమైతే కమిషన్ వాళ్ళు సరుకుని ల్యాబుకి పంపిస్తారు.

ముందు కొట్టుకి ఉత్తరం రాశాను. ఏ తేదీన ఏం కొన్నాను, ఎంత ఇచ్చాను, ఏం పాడయింది, 15 రోజుల్లో మార్చండి లేదా డబ్బు ఇవ్వండి అని. పోస్టులో అందినట్టు రసీదు వచ్చేలా పంపాను. జవాబు లేదు. తరవాత 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు అమ్మినవాళ్ళతో మాట్లాడి సర్దుబాటుకి చూస్తారు, తీర్పు మాత్రం ఇవ్వలేరు. ఆ తరవాతే కొట్టువాడు దిగొచ్చి రెండు తలుపులు మార్చాడు. మూడోదీ, కిటికీలూ మార్చనన్నాడు. "మీకు చేతనైంది చేసుకోండి" అన్నాడు.

చేతనైంది చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. పాత చట్టంలో అమ్మినవాళ్ళు ఉన్నచోటుకో, సంగతి జరిగిన చోటుకో వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కొన్న విలువ 5 లక్షల దాకా అయితే ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. నాకు ధైర్యం చాలక కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళాను. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. తెల్లకార్డు ఉందా అని కూడా అడగలేదు. ఫోన్ నంబరు 15100, రాసుకోండి.

కాలనీల్లో ఒకే లోడు సరుకు పది ఇళ్ళకి వేసి ఉంటారు. అప్పుడు పది మందీ విడివిడిగా తిరగక్కర్లేదు, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయొచ్చు. పొదుపు కలిసి చేస్తున్నవాళ్ళం, ఇది చేయలేమా? మీ పిల్లలు పట్నంలో ఫ్లాటు కొనుక్కుని ఉంటే వాళ్ళకి ఇంకో చట్టం ఉంది, రెరా. అందులో రిజిస్టరైన ప్రాజెక్టు అయితే ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ళలోపు పనిలో, నాణ్యతలో లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. తలుపులూ కిటికీలూ దాని కిందకే వస్తాయి.

తీర్పుకి చట్టంలో మూడు నెలలు, ల్యాబు పరీక్ష ఉంటే ఐదు నెలలు అని ఉంది. అంతకన్నా ఎక్కువే పట్టొచ్చని వకీలు గారు ముందే చెప్పారు. ఇప్పటికి రెండు వాయిదాలు అయ్యాయి. కూలి పోగొట్టుకుని తిరగడం కష్టంగానే ఉంది, లేదనను. ఉత్తరం నమూనా జిరాక్సులు తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను, తలా ఒకటి తీసుకోండి. వచ్చే వాయిదాకి ఆ వడ్రంగి చెల్లెలు కూడా నాతో వస్తానంది. భర్తని సాక్ష్యానికి తనే తీసుకొస్తుందట.