బస్టాండ్ల పండుకునే పిల్లల గురించి



పొదుపులు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నరు. నేను చెప్పేది ఏ రిజిస్టర్ల ఎక్కని సంగతి. కొంచెం సిగ్గుపడే మాట, అయినా మనలో మనమే కదా.

మన పాలమూరోళ్లకు వలస కొత్త కాదు. తల్లిదండ్రులు ముంబయి, పుణె మట్టిపనికి పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటరు. అవ్వ పోయినంక, లేదంటే ఇంట్ల దెబ్బలకు తాళలేక, కొందరు బస్సో రైలో ఎక్కుతరు. దిగినకాడనే బతుకుతరు.

అట్లాంటి పిలగాడు ఒకడు టిఫిన్ బండి కాడ ప్లేట్లు కడిగెటోడు. ఆనవాళ్లు మార్చి చెప్తున్న, వాని అనుమతి తీసుకున్న. పంతొమ్మిదేండ్లుంటయి. పడక బస్టాండ్లనే. ఒకరోజు అరచేతుల నిండ ఎర్రటి మచ్చలు చూసి సబ్బు పడలేదేమో అనుకున్న. అరికాళ్లకూ ఉన్నయన్నడు. అంతకుముందు చెప్పరాని చోట పుండు అయ్యిందట. నొప్పి లేదు, దానంతటదే మానింది, రోగం పోయిందనుకున్నడు. సిఫిలిస్ అట్లనే మోసం చేస్తది. పుండు మానుతది, రోగం ఒంట్లనే ఉంటది.

నా తప్పు కూడా చెప్త. నా నోట్ల మొదట వచ్చిన మాట "ఎవరితోని తిరిగినవ్ రా?" అని. నాలుగు రోజులు కనబడలేదు. మళ్లొచ్చినంక చాయ్ పోసి కూర్చోబెడితే చెప్పిండు. వానల రాత్రుల ఒకడు అన్నం పెడత, దుప్పటిస్త అని తీసుకపోయేటోడట. దాన్ని తిరుగుడు అంటమా?

ఒక దవాఖానల లైన్ల అందరు వింటుండంగ రోగమేందని గట్టిగ అడిగిండ్రు, పిలగాడు బయటికి నడిచిండు. రెండోసారి నేను ముందుగ పోయి మాట్లాడిన. రక్తపరీక్ష చేసి పెన్సిలిన్ సూది వేసిండ్రు. తొలి దశల పట్టుకుంటే ఒక్కటి చాలు. నిరోధ్ ప్యాకెట్లు ఇస్తుంటే వాడు కాదు, నేనే తలొంచుకున్న.

ఐసీటీసీల హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉచితం. 2017 చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఉన్నదని తేలినా ఏఆర్‌టీ మందులు సర్కారే ఇస్తది, రోజూ వాడితే ఏండ్లకేండ్లు బతుకుతరు. కలిసి తింటే, ఎంగిలి ప్లేట్లు కడిగితే అంటదు. ఇది ముందుగాల మన సంఘాలల్లనే చెప్పుకోవాలె.

పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలైతే, ఆడపిల్లయినా మగపిల్లగాడైనా, అది పోక్సో నేరం. తెలిసినోళ్లు పోలీసులకు చెప్పాల్సిందే. 1098 కు ఫోన్ చేయొచ్చు. అత్యాచారం జరిగితే అదే రోజు దవాఖానకు తీసుకపోండి. హెచ్‌ఐవీ రాకుండ ఆపే మందు 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడాలె. ఎఫ్‌ఐఆర్ కాలేదని వైద్యం ఆపకూడదు. హెచ్‌ఐవీ మీద ఏ అనుమానమున్నా 1097.

మన పిలగానికి హెచ్‌ఐవీ లేదని వచ్చింది. కానీ అంటిన కొత్తలో పరీక్షల కనబడకపోవచ్చు, మూడు నెలలకు మళ్ల రమ్మన్నరు. ఇల్లున్నోళ్లకు మూడు నెలలంటే క్యాలెండర్ల ఒక గీత. వానికి ఫోను లేదు. ఇప్పుడు ఆ బండి కాడ కూడా లేడు, కర్నూలు బస్సెక్కిండంటున్నరు. నా నంబరు రాసిచ్చిన చీటి జేబుల ఉన్నదో లేదో.

స్టేషన్, బస్టాండ్ దగ్గర బండ్లు, హోటళ్లు నడుపుకునే సంఘం అక్కలు ఇయ్యాల పోయేముందు మీ నంబర్లు నాకు రాసియ్యండి. ఒక్క చీటి మీద నాలుగైదు నంబర్లుంటే ఏదో ఒకటి కలుస్తది.