అడిగితేనే అందే హక్కు



గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న మన బిడ్డ అరెస్టయ్యాడన్న కబురు రాగానే మనం మొదట చేసేది దాన్ని దాచడం. పరువు పోతుందని భయం. ఆ తరువాత అప్పు చేసి ఏజెంట్ల చుట్టూ తిరుగుతాం. భారత రాయబార కార్యాలయం చివరికి గాని గుర్తుకురాదు. ఈ వరుసను మనం తిరగవేయాలి.

1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం, 36వ అధికరణ ఏమంటోంది? నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరితే, ఆ సంగతి అతని దేశపు కాన్సులేటుకు ఆలస్యం లేకుండా తెలపాలి. అలా కోరే హక్కు ఉందని అతనికి అధికారులే చెప్పాలి. కాన్సులర్ అధికారులు జైలుకు వెళ్లి కలవవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు. గూఢచర్యం ఆరోపణ ఉన్నా ఈ హక్కు పోదని కులభూషణ్ జాదవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జూలై 17న తేల్చింది.

కాన్సులేటు ఎవరినీ జైలు నుంచి విడిపించలేదు. కానీ అర్హులైన పేదల న్యాయపోరాటానికి 2009లో ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి సాయం చేయగలదు.

కనుక పాస్‌పోర్టు, వీసా నకళ్లు, యజమాని చిరునామా ప్రయాణానికి ముందే ఇంట్లో ఉంచుకుందాం. అర్థంకాని అరబిక్ కాగితంపై సంతకం చేయవద్దని, దుభాషిని కోరమని, ‘మా కాన్సులేటుకు తెలపండి’ అని అడగమని చెప్పి పంపుదాం. కబురు అందిన రోజే రాయబార కార్యాలయానికి రాద్దాం. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ సంఖ్యను భద్రపరుద్దాం.

నేరం జరిగిందో లేదో న్యాయస్థానం నిర్ణయిస్తుంది. అక్కడ మన బిడ్డ దిక్కులేనివాడై నిలబడకుండా చూడవలసింది మనమే.