మంచినీళ్ళలో కనపడని మురికి
(వాడలో మంచినీళ్ళ సమస్యపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1927 మార్చి 20న మహద్ చౌదర్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి పట్టి నీళ్ళు తాగారు. ఆ చెరువు మున్సిపాలిటీది. అందరూ వాడుకోవచ్చని 1924లోనే తీర్మానం చేశారు. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1985లో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మనోళ్ళ మంచినీళ్ళ చెరువు దగ్గర. గేదెల కుడితి మురికి చెరువులో కలుపుతుంటే మాదిగ ఆడబిడ్డ బిందె ఎత్తి అడ్డుకుంది. జులై 17న దాడి చేసి ఆరుగురు మాదిగలను చంపారు.

ఆ మురికి కంటికి కనపడింది. ఇవాళ నేను చెప్పే మురికికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. దాని పేరు నైట్రేటు.

మలమూత్రాల్లో, పేడలో, యూరియాలో ఉన్న నత్రజని నేలలో నైట్రేటుగా మారుద్ది. నీళ్ళలో ఇట్టే కరుగుద్ది. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. వానతో పాటు కిందికి దిగి బోరులో కలుస్తుంది. పట్నంలో పల్లపు జాగా ఎవరికిచ్చారు? మురిక్కాలవలు ఎటు పారుతున్నాయి? సిమెంటు లేని కాలవ పక్కనే, సెప్టిక్ గుంట పక్కనే మన బోరు. కాలవ తీసే చెయ్యీ మనదే, దాని ఊట తాగే గొంతూ మనదే.

లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 10500 ప్రమాణం. వేరే నీళ్ళు దొరక్కపోతే ఫ్లోరైడుకు కొంత సడలింపు ఉంది, నైట్రేటుకు అదీ లేదు. అయినా కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం పరీక్షించిన నమూనాల్లో దాదాపు 20 శాతం ఈ హద్దు దాటాయి.

దెబ్బ ముందు తగిలేది ఆరు నెలల్లోపు పసిబిడ్డకు. ఈ నీళ్ళతో డబ్బాపాలు కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేదు. పెదాలు, గోళ్ళు నీలం తిరుగుతాయి. అది కనపడితే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. తల్లిపాలే బిడ్డకు రక్ష.

ఆఫీసరొచ్చి 'కాచి చల్లార్చి తాగండమ్మా' అంటాడు. కలరాకు ఆ మాట నిజం. నైట్రేటుకు కాదు. కాచేకొద్దీ నీళ్ళు ఆవిరై పోతాయి, నైట్రేటు మిగిలి ఇంకా చిక్కబడుద్ది. బ్లీచింగు పొడి దాన్నేం చెయ్యలేదు. ఆర్.ఓ. మిషను తగ్గిస్తుంది నిజమే. కానీ కూలి డబ్బులు పెట్టి క్యాన్లు కొనుక్కోమంటే, మున్సిపాలిటీ తన బాధ్యతను మన నెత్తినెయ్యడమే.

కాగితంలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని రిపోర్టుల్లో 'నైట్రేట్ నైట్రోజన్' అని రాస్తారు. ఆ లెక్కలో హద్దు 45 కాదు, 10. అక్కడ 20 ఉంటే 45 లోపే కదా అని మోసపోవద్దు. మన లెక్కలో అది 88 పైమాటే.

అందుకే మనం అడగాల్సినవి ఇవి:

1. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి వాడలోని ప్రతి బోరునూ పరీక్ష చెయ్యాలి.
2. వచ్చిన అంకె తెలుగులో బోరు దగ్గర బోర్డు మీద రాయాలి. రాయకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం.
3. హద్దు దాటిన బోరు తాగడానికి ఆపి, వేరే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి.
4. కాలవలకు సిమెంటు, సెప్టిక్ గుంటలకు అడుగు వెయ్యాలి.

మహద్‌లో నీళ్ళు తాగే హక్కు అడిగాం. కారంచేడులో మురికి కలపొద్దన్నాం. ఇప్పుడు ఆ నీళ్ళలో ఏముందో లెక్క చెప్పమంటున్నాం. చెప్పేదాకా మున్సిపల్ ఆఫీసు మెట్లు దిగొద్దు. జై భీమ్!