కూలిన నగరం, కట్టే కొలువు



ఊళ్లు కట్టడానికే బతుకంతా వెచ్చించిన ఒక ఇంజనీరు పేరిట జరిగే సభ ఇది. అందుకే భూకంపం వచ్చాక కూలిన ఊరి బాధ్యత నెత్తినెత్తుకునే ఉద్యోగుల గురించి మాట్లాడదామనుకున్నాను.

1923 సెప్టెంబరు 1న, మిట్టమధ్యాహ్నం పన్నెండు కొట్టబోతుండగా టోక్యో, యొకొహామా కంపించాయి. పొయ్యిలు వెలుగుతున్న వేళ. మంటలు రేగి లక్షమందికి పైగా పోయారు. మర్నాడు హోంమంత్రి పదవి చేపట్టిన గోతో షింపే అంతకుముందు టోక్యో మేయరు. చదివింది వైద్యం. ఆ నెలలోనే రాజధాని పునర్నిర్మాణ సంస్థను నెలకొల్పి తానే అధ్యక్షుడయ్యాడు. హోంశాఖలో నగర ప్రణాళిక చూసిన ఇకెదా హిరోషిని, విశ్వవిద్యాలయం నుంచి భవన నిర్మాణ ఆచార్యుడు సానోను, రోడ్లకూ వంతెనలకూ రైల్వే నుంచి ఒతా ఎన్జోను పిలిపించాడు. ఏ శాఖవాడని చూడలేదు, పని వచ్చా అని చూశాడు.

ఆ సంస్థ ఐదు నెలలే బతికింది. పార్లమెంటు బడ్జెట్‌ను కోసేసింది, మంత్రివర్గం పడిపోయింది. 1924 ఫిబ్రవరిలో సంస్థను రద్దుచేసి, హోంశాఖ కింద ఒక బ్యూరో పెట్టారు. దీన్ని గోతో ఓటమిగా చెప్పడం పరిపాటి. నేను ఒప్పుకోను. బోర్డు మారినా ఒతా ఆ పనిలోనే ఉన్నాడు, సుమిదా నది వంతెనలు లేచాయి. సానో నగరపాలక సంస్థ భవన విభాగానికి వెళ్లాడు. 117 ప్రాథమిక పాఠశాలలను కాంక్రీటుతో కట్టారు, బడుల పక్కనే 52 చిన్న పార్కులు వేశారు.

అసలు కష్టం స్థలాల దగ్గర వచ్చింది. కాలిన ప్రాంతాన్ని 65 భాగాలు చేసి, 15 ప్రభుత్వమూ 50 నగరమూ పంచుకున్నాయి. వీధుల కోసం పదో వంతు వరకు స్థలం పరిహారం లేకుండా తీసుకున్నారు. అమరావతి పుణ్యమా అని భూసమీకరణ మనకు తెలిసిన సంగతే. టోక్యోలో ప్రతి భాగానికీ ఒక కమిటీ ఉండేది. స్థలం సొంతదారులతో పాటు, స్థలం అద్దెకు తీసుకున్నవాళ్లూ దానికి సభ్యులను ఎన్నుకున్నారు. ఎవరి గడప ఎటు జరగాలన్న తగవు ముందు అక్కడికే వెళ్లేది. ఆ కొలతలూ తగవులూ తేలి పని ముగిసేసరికి 1930 వచ్చింది.

మన దేశంలో ఇదే దారి భుజ్‌లో కనిపిస్తుంది. 2001 జనవరి 26 భూకంపం తర్వాత రెండు వారాలు తిరగకముందే గుజరాత్ ప్రభుత్వం రాష్ట్ర స్థాయి విపత్తు నిర్వహణ సంస్థను పెట్టింది. పని మాత్రం గాంధీనగర్‌లో ఆగిపోలేదు. భుజ్, అంజార్, భచావ్, రాపర్‌లకు వేటికవే అభివృద్ధి సంస్థలు ఏర్పడ్డాయి. భుజ్ పాతబస్తీలో వీధులు వెడల్పు చేయడానికి స్థలాల్లో కొంత కోసినప్పుడు, మరీ చిన్న స్థలాలను వదిలేశారు. ఇల్లు కూలినవాడికి మిగిలిన నాలుగు గజాలూ పోకుండా చూసిన ఆ నిర్ణయమంటే నాకు ఎంతో గౌరవం.

మన రాష్ట్రాల విపత్తు ప్రణాళికల్లో ఒక పేజీ ఇలా ఉండాలని కోరుతున్నాను: ఏ ఊళ్లో ఆఫీసు పెడతారు, ఎందరు సర్వేయర్లు, ఏ ఇంజనీరు, చివరి స్థలం తగవు తీరేదాకా వాళ్లను బదిలీ చేయరాదన్న ఉత్తర్వు ఎవరి సంతకంతో వస్తుంది.